అడవి అప్పు తీర్చేదెవరు?

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేలుడు మందు పెట్టి కూల్చివేశారు. అర్ధ శతాబ్దం పాటు ఆకాశంలో ఆనవాళ్లుగా నిలిచిన గోపురాలు క్షణాల్లో నేలమట్టమయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం మేడలెక్కి చూశారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి.

కూలింది కనిపించింది. మిగిలింది మాత్రం ఎవరి ఫొటోలోకీ రాలేదు. అరవై మెగావాట్ల యూనిట్లు నాలుగు, నూట ఇరవై మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 720 మెగావాట్లు. ఆ కేంద్రం 1966 నుంచి మండించిన బొగ్గు ఏ అడవి కింద నుంచి వచ్చింది? ఆ బూడిద ఎక్కడ చేరింది? ఆ అడవిలో ఇప్పప్పువ్వు ఏరుకున్న కుటుంబాలు ఇప్పుడేం ఏరుకుంటున్నాయి? కంపెనీ వచ్చేటప్పుడు సభ పెడుతుంది, బొమ్మలు చూపిస్తుంది, మైకులో మాట్లాడుతుంది. పోయేటప్పుడు నోరు విప్పదు. లెక్క చెప్పకుండా లేచిపోయే కామందును మనం ఊళ్లో ఊరుకుంటామా? మరి అడవి విషయంలో ఎందుకు ఊరుకోవాలి?

బొగ్గు పుట్టిన చోట

ఖమ్మం మైదానం నుంచి భద్రాచలం అడవి దాకా ఉన్న ఈ నేల దేశానికి వెలుగునిచ్చిన నేల. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అంటే అది ప్రజల సంస్థ.

ఇల్లెందు నుంచి కొత్తగూడెం, అక్కడి నుంచి మణుగూరు, ఇటు సత్తుపల్లి. బొగ్గు ఉన్న చోటల్లా పైన అడవో, పోడో, చెలకో ఉంది. ఆ అడవిని నమ్ముకుని కోయలున్నారు. బొగ్గు వెంట విద్యుత్ కేంద్రాలొచ్చాయి. పాల్వంచ కేంద్రానికి నీళ్ల కోసం కిన్నెరసాని నదికి అడ్డంగా జలాశయం కట్టారు. ఆ చుట్టూ ఉన్న అడవినే 1977లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 635 చదరపు కిలోమీటర్ల అడవి అది. జలాశయంలో మొసళ్లు, ఒడ్డున చుక్కల దుప్పులు, లోపల ఎలుగుబంట్లు, అడవి దున్నలు. ఒకవైపు టర్బైను, మరోవైపు దుప్పి. రెండూ తాగేది ఒకే నీరు. కాబట్టి కరెంటు కంపెనీకీ అడవి జీవాలకూ సంబంధం ఏమిటని మన దగ్గర ఎవరూ అడగనక్కర్లేదు.

పోయింది చెట్టు ఒక్కటేనా?

పాత భూగర్భ గనిలో మనిషి నేల కింద చెమటోడ్చేవాడు, పైన అడవి చాలావరకు నిలిచేది. ఓపెన్‌కాస్ట్ వచ్చాక పద్ధతి తిరగబడింది. ముందు చెట్టు, తర్వాత పై మట్టి, తర్వాత రాయి. అన్నీ తీసేస్తే గానీ బొగ్గు కనపడదు. తీసిన మట్టీ రాయీ పక్కన గుట్టలుగా పోస్తారు. వానకు ఆ గుట్ట కరిగి వాగులో పడుతుంది. వాగు పూడుతుంది, మడుగు నిండుతుంది, చేప గుడ్డు పెట్టే చోటు పోతుంది. గనిలోకి ఊరే నీటిని తోడేకొద్దీ చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం దిగుతుంది. రాత్రింబవళ్లు లైట్లు, బ్లాస్టింగ్ చప్పుడు. జంతువు ఉన్న చోట ఉండలేదు. అడవి పంది వచ్చి చేలో పడుతుంది. నష్టం ఎవరికి? కౌలుకు చేసుకునే రైతుకు. పంది కోసం కరెంటు తీగ పెడితే చచ్చేదెవరు? తెల్లారకముందే కూలికి బయలుదేరిన మనిషి కూడా.

జీవవైవిధ్యం అనే మాట సభల్లో వింటే పట్నం మాటలా ఉంటుంది. మన భాషలో దాని అర్థం సులువు. అడవిలో ఎన్ని రకాలుంటే మన ఏడాదిలో అన్ని పనిదినాలుంటాయి. మిరప ఏరుడు అయిపోయి, వానలు ఇంకా పడని రోజుల్లో కూలీకి పొలంలో పని ఉండదు. ఆ రోజుల్లో అన్నం పెట్టేది అడవే. ఫాల్గుణ, చైత్రాల్లో ఇప్పప్పువ్వు, ఎండ ముదిరేసరికి తునికాకు, ఆ వెనక మొర్రి పలుకు. చింతపండు, కుంకుడు, కరక్కాయ, తపసి జిగురు, అడ్డాకు, తేనె, వెదురు. ఇవన్నీ కాలాన్ని బట్టి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇందులో ఒక రకం పోతే ఒక నెల కూలి పోయినట్టే.

పైగా ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతాయి. రాలిన ఇప్పప్పువ్వును దుప్పి తింటుంది. ఇప్పపండు తిని గింజను దూరంగా పడేసేది గబ్బిలం. తునికిపండు తిన్న ఎలుగుబంటి పోయిన చోటల్లా విత్తనం వేసి పోతుంది. ఈ కూలీలకు మస్టరు లేదు, ఎవరూ కూలి ఇవ్వరు. వీళ్లను వెళ్లగొట్టి అడవిని నిలబెడతామంటే, పాలేర్లను తరిమేసి పంట పండిస్తామన్నట్టే.

మొక్కల లెక్కతో మోసపోవద్దు

‘లక్షల మొక్కలు నాటుతున్నాం గదా’ అంటాయి యాజమాన్యాలు. నాటుతున్న మాట నిజమే. నాటిందేమిటో చూడాలి. ఖమ్మం రైతుకు జామాయిల్, సుబాబుల్ బాగా తెలుసు. అవి కర్ర పంటలు. పెరిగితే కాగితం మిల్లుకు పోతాయి. కర్ర అమ్ముకునే రైతు పొలంలో వేసుకుంటే అదో లెక్క. అడవిని తీసిన చోట వరసలుగా అవే పెట్టి, ఇదిగో అడవి అంటే ఎట్లా నమ్మాలి? జామాయిల్ తోటలో ఇప్పప్పువ్వు రాలదు, తునికాకు చిగురించదు, దుప్పి మేసే గడ్డి సరిగా మొలవదు. నూరు రకాలున్న చోట ఒక్క రకం పెడితే, పుట్టి వడ్లు అప్పు తీసుకుని పుట్టి పొట్టు తిరిగి కొలిచినట్టే.

ఇంకో మోసం ఉంది. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని తీసుకున్నవారు బదులు అడవి పెంచాలి. ఆ బదులు అడవిని పెంచటం చాలాసార్లు వేరే మండలంలోనో, వేరే జిల్లాలోనో జరుగుతుంది. ఈ గూడెం ఆడవాళ్లు ఆకు కోయటానికి అంత దూరం పోగలరా? మరికొన్ని చోట్ల గిరిజనులు సాగు చేసుకుంటున్న పోడు భూమిలోనే మొక్కలు పెట్టటానికి వస్తారు. గనికి అడవి పోయింది, మొక్కకు పోడు పోయింది. రెండుసార్లూ నష్టపోయింది ఒక్కడే.

సరైన వరస ఏది?

ఈ విషయం మీద ప్రపంచంలో ఇప్పటికే ఒక పద్ధతి ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థలు సైతం అప్పు ఇచ్చేటప్పుడు దాన్ని షరతుగా రాసుకున్నాయి. నాలుగు మెట్లు. మొదటిది, నష్టం జరగని చోటు చూసుకోవటం. రెండోది, తప్పని నష్టాన్ని తగ్గించటం. మూడోది, చెడగొట్టిన నేలను తిరిగి నిలబెట్టటం. ఈ మూడూ అయ్యాక ఇంకా మిగిలినదానికి మాత్రమే నాలుగోది, వేరేచోట పరిహారం. మన కంపెనీలు తరచూ ఈ నిచ్చెనను పైనుంచి దిగుతాయి. ముందే పరిహారం కట్టేసి, మిగతా మూడు మెట్ల జోలికి పోవు.

మొదటి మెట్టు తప్పితే ఏమవుతుందో మణుగూరు దగ్గరే చూశాం. భద్రాద్రి విద్యుత్ కేంద్రం, నాలుగు యూనిట్లు, 1080 మెగావాట్లు. పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలుపెట్టారని 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంది. అనుమతి 2017 మార్చిలో వచ్చింది. 2022 జనవరి నాటికి నాలుగు యూనిట్లూ నడిచాయి. అక్కడ పెట్టింది పాత తరహా సబ్‌క్రిటికల్ బాయిలర్లు. 2018లో పాల్వంచలో మొదలైన 800 మెగావాట్ల ఏడో దశ సూపర్‌క్రిటికల్. ఒక్కో యూనిట్ కరెంటుకు కొత్త తరహాలో బొగ్గు తక్కువ పడుతుంది. బొగ్గు తక్కువ పడితే తవ్వే అడవీ తక్కువే. కాబట్టి ఏ యంత్రం పెట్టాలన్న నిర్ణయంలోనే ఎంత అడవి మిగులుతుందన్న నిర్ణయం కూడా ఉంది. ఆ ముచ్చట గ్రామసభకు ఎవరైనా చెప్పారా?

రెండో మెట్టుకు మంచి ఉదాహరణా మన దగ్గర ఉంది. సత్తుపల్లి బొగ్గు కోసం భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. 2022లో అది పనిచేయటం మొదలైంది. రైలెక్కిన ప్రతి టన్ను బొగ్గూ రోడ్డు మీద లారీని తగ్గిస్తుంది. దుమ్ము తగ్గుతుంది, చేల మీద మసి తగ్గుతుంది, రోడ్డు దాటే జంతువూ మనిషీ కాస్త బతుకుతారు.

మూడో మెట్టుకు జార్ఖండ్‌లోని ఝరియా వైపు చూడాలి. అక్కడ ప్రభుత్వ బొగ్గు సంస్థ ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల సలహాతో మట్టి గుట్టల మీద కొత్త పద్ధతి పట్టింది. ముందు గడ్డి, పప్పు జాతి మొక్కలు. వాటి వేళ్లు మట్టిని పట్టి నిలిపాక పొదలు, చెట్లు. అన్నీ ఆ నేలలో పుట్టిన రకాలే. మన రైతుకు ఇది వింతేమీ కాదు. చవుడు నేలను బాగు చేయాలంటే ముందు జీలుగ చల్లమని పెద్దలు చెప్పలేదా? తవ్వేటప్పుడు తీసిన పై మట్టిని రాయి కింద పూడ్చేయకుండా విడిగా ఉంచి, త్వరగా తిరిగి పరిస్తే, అందులో దాగిన అడవి విత్తనం చాలావరకు తానే మొలుస్తుంది. దీనికి కావలసింది డబ్బు కన్నా శ్రద్ధ.

బూడిద చెరువు పక్కనే గోదావరి

మన దేశం బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. వంద కిలోలు మండిస్తే ముప్పై నుంచి నలభై కిలోల దాకా బూడిదే మిగులుతుంది. అది నీళ్లలో కలిసి బూడిద చెరువుకు చేరుతుంది. కట్ట గట్టిగా ఉన్నంతసేపు చెరువు. తెగిందంటే ఊరి మీద పడే బురద. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలిలో 2020 ఏప్రిల్ 10న ఒక విద్యుత్ కేంద్రం బూడిద చెరువు తెగి ఆరుగురు చనిపోయారు. పంటపొలాలు బూడిద కింద పడ్డాయి.

మన దగ్గర గోదావరి భద్రాచలం వద్ద 1986లో 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. నది అంత ఎత్తున లేచే చోట బూడిద చెరువు కట్ట ఎంత ఎత్తుండాలి, ఎంత దూరం ఉండాలి, పొంగితే నీరు ఏ వాగులోకి పోతుంది? ఈ ప్రశ్న ఇంజనీర్లకే కాదు, ఆ వాగులో వల వేసే మనిషికీ, పశువులను తోలుకుపోయే పిల్లవాడికీ అడిగే హక్కుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం విద్యుత్ కేంద్రాలు వచ్చే బూడిదనంతా ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వాడి తీరాలి. వాడకపోతే టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలి. ఈ మాట మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

కాగితాలు మన వైపే ఉన్నాయి

చట్టాలు లేక కాదు, చట్టాన్ని చేతపట్టి అడిగేవారు తక్కువై ఈ గతి పట్టింది. కొన్ని చెప్పుకుందాం.

1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనులు తవ్వేవారి బాధ్యతలు చెబుతూ నికర లాభంలో కనీసం 20 శాతం నీటికి, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవిని తిరిగి పెంచే ఖర్చును ఈ 20 శాతంలో కలపకూడదని కూడా చెప్పింది. అంటే అది వేరే పద్దు.

2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారానికి ఎంత బలం ఉందో 2013లో ఒరిస్సా నియమగిరి కొండల్లో తేలింది. పన్నెండు గ్రామసభలు వరసగా బాక్సైట్ గని వద్దన్నాయి. గని ఆగింది.

2009లో కేంద్ర బొగ్గు శాఖ ప్రతి గనికీ మూసివేత పథకం ఉండాలని, దాని ఖర్చు ముందే విడి ఖాతాలో జమ చేయాలని మార్గదర్శకాలిచ్చింది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, గని పని ముగిశాక ఆ నేల మీద తిరిగి గడ్డి మొలిపించి, పశువుల మేతకూ చెట్టూచేమకూ జీవాలకూ పనికొచ్చేట్టు చేయటాన్ని లీజు షరతుగా పెట్టమంది. మేపు నేల కోల్పోయిన గొర్రెలకాపరికి ఈ తీర్పు పట్టా కాగితమంత విలువైనది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఆ ఊరి చెట్లు, జంతువులు, చేపలు, విత్తనాలు రాసిన ప్రజా రిజిస్టరు ఉండాలి. 2020 జనవరి నాటికి వీటిని పూర్తి చేయాలని హరిత ట్రిబ్యునల్ గడువు పెడితే దేశమంతటా హడావుడిగా రాసేశారు. మీ ఊరి రిజిస్టరు ఎక్కడుందో అడిగారా? అందులో మీ అడవిలోని ఇప్పచెట్లున్నాయా?

అప్పు పుస్తకం ఊరి చేతిలో ఉండాలి

అసలు కీలకం ఇక్కడే ఉంది. షావుకారు దగ్గర అప్పు పుస్తకం షావుకారు చేతిలోనే ఉండేది. ఎంత రాసుకుంటే అంతే. నేడు అడవి లెక్క కంపెనీ చేతిలో ఉంది. ఎన్ని మొక్కలు నాటామో వాళ్లే రాస్తారు, ఎన్ని బతికాయో వాళ్లే చెబుతారు. ఆ పుస్తకం ఊరి చేతికి రావాలి. గని రాకముందు ఏ వాగులో ఏ చేప ఉంది, ఏ గుట్ట మీద ఎన్ని ఇప్పలున్నాయి, ఎలుగు ఏ దారిన నీళ్లకు వస్తుంది అన్నది ఊరు రాసుకోవాలి. గని మూసేటప్పుడు ఆ పట్టిక తీసి, ఇవన్నీ తిరిగి వచ్చాయా అని ఒక్కొక్కటే టిక్కు పెట్టాలి. రాని వాటి అప్పు తీరనట్టే.

ఊళ్లు అడగాల్సినవి ఇవీ:

ఒకటి, పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి సంస్థా ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. దాన్ని తెలుగులో గ్రామసభలో చదివి వినిపించాలి.

రెండు, నాటే మొక్కల్లో ఇప్ప, తునికి, మొర్రి, నల్లమద్ది, వెదురు, కుంకుడు ముందుండాలి. ఏది నాటాలో గ్రామసభ చెప్పాలి. మూడేళ్ల తర్వాత బతికిన మొక్కనే లెక్కలోకి తీసుకోవాలి.

మూడు, నర్సరీ పెంచటం, నాటటం, కాపలా కాయటం అన్నీ చుట్టుపక్కల కూలీలకే ఇవ్వాలి. కాంట్రాక్టరు మధ్యన వద్దు. కనీస వేతనం, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి. తన చేత్తో నాటి, దాని ఆకు తానే కోసుకునే మనిషి కన్నా మంచి కాపలాదారు లేడు.

నాలుగు, కిన్నెరసాని దిగువన వేసవిలో కూడా నదిలో కొంత నీరు పారేట్టు వదలాలి. నది ఎండితే చేపా పోతుంది, పశువూ పోతుంది.

ఐదు, బదులు అడవి పేరుతో పోడు భూమి మీదికి రాకూడదు. 2023లో రాష్ట్రంలో సుమారు 4 లక్షల ఎకరాల పోడుకు పట్టాలిచ్చారు. ఇంకా దరఖాస్తులు పట్టుకుని తిరుగుతున్నవారున్నారు. వారి చెలక కంపెనీ అప్పుకు జమ కాకూడదు.

‘కరెంటు వద్దా?’ అంటే

ఈ మాటలు చెబితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. కరెంటు అక్కర్లేదా? మోటారు నడవొద్దా? గని కార్మికుడి బతుకేం కావాలి? కరెంటు కావాలి. గూడెంలో బల్బు వెలగాలి. గని కార్మికుడూ మన ఇంటి మనిషే. 2021 డిసెంబరులో కోయగూడెం, సత్తుపల్లి సహా నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఈ సంపద ప్రజలదన్నారు. గని ప్రజలదైతే గని మీది అడవీ ప్రజలదే. తవ్వేది ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా లెక్క ఒక్కటే. కార్మికుడిని గిరిజనుడి మీదికి, గిరిజనుడిని కార్మికుడి మీదికి ఉసిగొల్పే మాటలు నమ్మొద్దు.

సంస్థలు ఏమీ చేయటం లేదని కూడా అనం. ఎన్టీపీసీ 2018లో జీవవైవిధ్య విధానం రాసుకుంది. ఆంధ్రప్రదేశ్ తీరంలో సముద్ర తాబేళ్ల రక్షణకు అటవీ శాఖతో ఒప్పందం చేసుకుని 4.6 కోట్ల రూపాయలు ఇస్తానంది. మంచిదే. తాబేలు బతకాలి. అయితే ఏ సంస్థ అయినా దూరాన తాబేలును కాపాడుతూ తన గోడ పక్కన వాగును మరిచిపోతే, ఇంట్లో పిల్లలను పస్తులుంచి గుడిలో అన్నదానం చేసినట్టవుతుంది. ముందు గోడ పక్క వాగు, తర్వాతే ఏదైనా.

మళ్లీ ఇప్పప్పువ్వు రాలే రోజులొస్తాయి. తెల్లవారుజామున బుట్ట పట్టుకుని పోయే ఆడవాళ్లకు ఏ చెట్టు ఎక్కడుందో నోటికే తెలుసు. ఆ నోటి లెక్కను ఈసారి కాగితం మీద పెట్టండి. ఊళ్లో చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టండి. చెట్టు పేరు, చేప పేరు, పిట్ట పేరు కోయ మాటలోనూ తెలుగులోనూ రాయించండి. గ్రామసభలో తీర్మానం చేసి, సర్పంచి సంతకంతో ఒక ప్రతి మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ప్రతి ఊళ్లోనే ఉంచండి. రేపు కంపెనీ మనిషి మొక్కల లెక్క చెప్పటానికి వస్తే, మన పుస్తకం మన చేతిలో ఉంటుంది.